ముప్పై మూడు ప్రశ్నార్థకాలు

సోమవారం ఉదయం పంపుహౌస్ గుమాస్తా ఇంట్లోంచి బయల్దేరేటప్పటికి అతని పథకం చాలా సులువుగా ఉంది. ఆఫీసుకు వెళ్ళగానే దేవుడికి మనసులో దణ్ణం పెట్టుకుని, గురువారానికి సెలవు అడుగుతూ ఒక మెయిలు పంపాలి. మధ్యాహ్నానికి మంజూరవుతుంది. గురువారం పొద్దున్నే అత్తగారిని కంటి ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. అంతే.

అత్తగారి ఎడమకంటికి శుక్లం తీయాలి. డాక్టరు ఇచ్చిన తేదీ ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. ఈసారి తప్పితే మళ్ళీ నాలుగు నెలల దాకా ఖాళీ లేదన్నారు. కుడికంటి ఆపరేషనప్పుడు కూతురు, అంటే గుమాస్తా భార్య, తోడు వెళ్ళింది. తల్లిని లోపలికి తీసుకువెళ్తుండగా కూతురు కళ్ళు తిరిగి పడిపోయింది, డాక్టరు తల్లిని వదిలి కూతుర్ని చూసుకోవలసి వచ్చింది. అందుకని పెద్దావిడ ఈసారి ముందే తేల్చి చెప్పింది.

"అల్లుడు గుమ్మం దగ్గర కనబడితేనే నేను బల్ల ఎక్కేది. లేకపోతే ఆ కన్ను అలాగే ఉండనీ."

గుమాస్తా పనిచేసేది నీటి సరఫరా శాఖలో. ఊరి చివర పంపుహౌస్‌లో ఒక గది, ఒక టేబులు, ఒక పాత కంప్యూటరు అతనివి. ఆ కంప్యూటరుకు మౌసు లేదు. నల్లటి తెర మీద అక్షరాలు తప్ప బొమ్మలు కనబడవు. మెయిలు పంపాలంటే ప్రోగ్రాము పేరు, సబ్జెక్టు అని పిలిచే విషయం, చిరునామా ఒకే వరుసలో టైపు చేసి మీట నొక్కాలి. పంతొమ్మిదేళ్ళుగా రోజూ పొద్దున్న ట్యాంకులో నీటిమట్టం ఎంతో ఊరి మధ్యలో ఉన్న పెద్దాఫీసుకు అలాగే పంపుతున్నాడు. ఎన్నడూ తేడా రాలేదు. బొమ్మలు నొక్కి మెయిళ్ళు పంపేవాళ్ళంటే అతనికి కొంచెం జాలి కూడా ఉండేది.

అయితే ఇన్నాళ్ళూ విషయం ఇంగ్లీషులో ఉండేది. ఈ నెల మొదటి తేదీ నుంచి అన్నీ తెలుగులోనే రాయాలని ఉత్తర్వు వచ్చింది. నీటిమట్టానికి అంకెలు చాలు గనుక ఆ ఉత్తర్వుతో అతనికి అంతవరకూ పని పడలేదు. సోమవారం తొలిసారిగా విషయం దగ్గర "సెలవు కావాలి" అని తెలుగులో కొట్టాడు. కింద అత్తగారి కన్ను గురించి నాలుగు వాక్యాలు మర్యాదగా రాశాడు. అతని తెర మీద అంతా ముత్యాల్లా కనిపించింది.

పొరపాటంతా దారిలో జరిగింది. మెయిలు లోపల రాసిన మాటలు ఏ లిపివో ఆ ప్రోగ్రాముకు అతను ఎప్పుడో నేర్పి పెట్టాడు. పైన విషయం ఉండే వరుసకు మాత్రం వేరే పద్ధతి ఉంది. అక్కడ ఇంగ్లీషు కాని అక్షరాలను ఒక సంకేతంలో మూటకట్టి పంపాలి. ఆ సంగతి అతనికీ తెలియదు, ప్రోగ్రాముకూ తెలియదు. మూటకట్టని అక్షరాలు పెద్దాఫీసు యంత్రం దాకా వెళ్ళాయి. ఆ యంత్రం తనకు అర్థంకాని ప్రతి ముక్కనూ తీసేసి, దాని చోట ఒక ప్రశ్నార్థకం పెట్టింది. తెలుగులో ప్రతి అక్షరానికీ మూడేసి ముక్కలు. కొమ్ములకూ, గుడులకూ, దీర్ఘాలకూ కూడా విడిగా మూడేసి. ఆ లెక్కన "సెలవు" చోట పదిహేను ప్రశ్నార్థకాలు, కొంచెం ఖాళీ, "కావాలి" చోట పద్దెనిమిది ప్రశ్నార్థకాలు చేరాయి.

పెద్దాఫీసులో ఒక పద్ధతి ఉంది. వచ్చిన మెయిలును ఎవరూ తెరవరు. ముందు రిజిస్టరమ్మ విషయాన్ని మాత్రం పెద్ద రిజిస్టరులో చేత్తో రాసుకుంటుంది. పెద్దసారు ఆ వరుస చూసి, అది ఏ విభాగానిదో పక్కన రాస్తారు. ఆ విభాగం వాళ్ళే మెయిలు తెరవాలి. రిజిస్టరమ్మ ఉన్నది ఉన్నట్టు రాసే మనిషి. ముప్పై మూడు ప్రశ్నార్థకాలనూ వరుసగా దించి, రెండుసార్లు లెక్కపెట్టుకుని, సారు ముందు పెట్టింది.

పెద్దసారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు.

"ఏమడుగుతున్నాడమ్మా ఈయన?"

"ఏమడుగుతున్నారో లేదండీ. అడుగుతున్నారని మాత్రం తెలుస్తోంది."

"ఎన్ని ఉన్నాయి?"

"ముప్పై మూడండీ. పదిహేను ఒకచోట, పద్దెనిమిది ఒకచోట."

పెద్దసారు చేతిలోని కలం కింద పెట్టేశారు. ఆర్నెల్ల కిందట ఆయన బావమరిది ఇంట్లో విందు జరిగింది. దానికి ఆఫీసు సమావేశాల గదిలోని మడత కుర్చీలు పట్టుకెళ్ళారు. అవి ఇంకా తిరిగి రాలేదు. అప్పటినుంచి సమావేశాలన్నీ నిలబడే జరుగుతున్నాయి. పోయిన కుర్చీలు సరిగ్గా ముప్పై మూడు.

పంతొమ్మిదేళ్ళుగా నీటిమట్టం తప్ప ఇంకేమీ రాయని మనిషి, ఒక్క మాట కూడా వాడకుండా ఇంత స్పష్టంగా రాయడం ఆయనకు భయం కలిగించింది. ఆ మెయిలును ఏ విభాగానికీ రాయకుండా తన దగ్గరే ఉంచుకున్నారు. తలుపు వేసుకుని బావమరిదికి ఫోన్ చేశారు. బావమరిది దగ్గర చిన్న ఆటో ట్రాలీ ఉంది. దానిలో ఒక విడతకు పద్దెనిమిది కుర్చీలు పడతాయి. సోమవారం సాయంత్రానికి పద్దెనిమిది కుర్చీలు సమావేశాల గదికి చేరాయి. మిగతావి తీరిగ్గా తెస్తానన్నాడు బావమరిది.

అటు గుమాస్తాకు సాయంత్రం దాకా జవాబు లేదు. రిజిస్టరమ్మకు ఫోన్ చేసి తన మెయిలు సంగతి అడిగాడు. అది సారు దగ్గరే ఉందనీ, సారు దాన్ని చాలా తీవ్రంగా తీసుకున్నారనీ, రిజిస్టరులోని విషయాలు ఫోన్లో చెప్పకూడదనీ ఆమె చెప్పింది. ఒక్కరోజు సెలవును అంత తీవ్రంగా ఎందుకు తీసుకోవాలో అతనికి అర్థం కాలేదు.

మంగళవారం పొద్దున్న అతనికి మెమో వచ్చింది. "మీరు లేవనెత్తిన విషయంలో మీ ఉద్దేశమేమిటో వెంటనే తెలపగలరు" అని ఉంది. విషయం అన్న మాట కింద రెండు గీతలు. గుమాస్తా దాన్ని ఇంటికి తీసుకెళ్ళి మధ్యాహ్న భోజనాల దగ్గర చదివి వినిపించాడు.

"అత్తగారి కన్ను బాగుచేయించడంలో అల్లుడికి వేరే ఉద్దేశమేముంటుందండీ?" అంది భార్య. "వెళ్ళి నోటితో ఒక్క మాట అడగలేరా?"

"నోటితో అడిగితే రిజిస్టరులో ఎక్కదు."

"రిజిస్టరులో ఎక్కడం ముఖ్యమా, అమ్మ బల్ల ఎక్కడం ముఖ్యమా?"

గుమాస్తా గబగబా చేయి కడుక్కున్నాడు. ఆఫీసుకు వెళ్ళి ఇంకో మెయిలు రాశాడు. ఆపరేషను ఎప్పుడో, డాక్టరు ఏమన్నాడో, అత్తగారి పట్టుదల ఎలాంటిదో పేజీ నిండా వివరించాడు. పైన విషయం దగ్గర "వివరణ" అని మాత్రం పెట్టాడు.

రిజిస్టరమ్మ దించుకుని, లెక్కపెట్టుకుని వచ్చింది.

"ఈసారి పదిహేనేనండీ."

పెద్దసారు కాగితం మీద తీసివేత వేసి చూశారు. ముప్పై మూడులో పద్దెనిమిది పోతే పదిహేను. కుర్చీలు దించింది చీకటి పడుతున్నప్పుడు, వెనక గేటు దగ్గర. ఊరి చివర పంపుహౌస్‌లో కూర్చున్న మనిషికి ఎన్ని వచ్చాయో ఎలా తెలిసింది? ఆయన మళ్ళీ తలుపు వేసుకున్నారు. ఈసారి బావమరిదితో మాట్లాడిన తీరు వేరు. మంగళవారం సాయంత్రానికి మిగిలిన పదిహేనూ వచ్చేశాయి. అందులో ఒకదాని మీద బావమరిది మనవడు సుద్దముక్కతో రాసిన ఎక్కాలున్నాయి. వాటిని పెద్దసారు తన రుమాలుతో తుడిచారు.

బుధవారం పొద్దున్నకీ జవాబు లేకపోయేసరికి గుమాస్తా భార్య ఆసుపత్రికి ఫోన్ చేసి తేదీ వదులుకుంటామని చెబుతానంది. మధ్యాహ్నం వరకు ఆగమని బతిమాలి వచ్చాడు. తెర ముందు కూర్చుని చాలాసేపు ఆలోచించాడు. మెమోలో రెండు గీతలు గీసింది విషయం అన్న మాట కింద. అంటే సారుకు తన విషయాలే నచ్చడం లేదు. అసలు విషయమే పెట్టకపోతే కోపానికి చోటుండదు కదా. ఆ వరుస ఖాళీగా వదిలేసి, లోపల మూడు వాక్యాలు రాశాడు.

విషయం లేని మెయిలు రావడం రిజిస్టరమ్మ ఉద్యోగంలో అదే మొదటిసారి. నిబంధనల పుస్తకం తీసి చూసింది. విషయం లేనిచోట మెయిలు తెరిచి, విషయమేమిటో తెలుసుకుని రాయాలని ఉంది. తెరిచింది. లోపల తెలుగు చక్కగా కనిపిస్తోంది. పెద్దసారుకు చదివి వినిపించింది.

"అయ్యా, రేపు మా అత్తగారి కంటి ఆపరేషను. ఒక్క రోజు సెలవు ఇప్పించండి. ఇంతకుమించి నాకు మీతో ఏ పనీ లేదు."

పెద్దసారు కుర్చీలో వెనక్కి వాలి ఊపిరి పీల్చుకున్నారు. ప్రశ్నలు ముప్పై మూడు నుంచి పదిహేనుకు, పదిహేను నుంచి సున్నాకు వచ్చాయి. ఇంత చేసినా ఆ మనిషి తనకోసం కోరింది ఒక్క రోజు.

"పెద్దమనిషమ్మా," అన్నారు. "మూడు రోజులు రాయండి."

గురువారం ఆపరేషను ఏ గొడవా లేకుండా జరిగింది. గుమాస్తా గుమ్మం దగ్గర నిలబడ్డాడు, అత్తగారు బల్ల ఎక్కింది, కూతురు బయట బెంచీ మీద కూర్చుని కళ్ళు మూసుకుంది. మర్నాడు కట్టు విప్పాక పెద్దావిడ ఎదుటి గోడ మీద చిన్న అక్షరాలు కూడా చదివింది. తర్వాత అల్లుడి వైపు తిరిగి, చిక్కిపోయావు బాబూ, అంది.

సోమవారం నాడు సెలవు పుస్తకంలో సంతకం పెట్టడానికి గుమాస్తా పెద్దాఫీసుకు వెళ్ళాడు. నౌకరు ఎదురొచ్చి, మీ దయవల్ల మళ్ళీ సమావేశాల్లో కూర్చుంటున్నాం, అని దణ్ణం పెట్టాడు. ఏమీ అర్థంకాక రిజిస్టరమ్మను అడిగాడు. ఆమె ఏ మెయిలు తర్వాత ఎన్ని కుర్చీలు తిరిగొచ్చాయో చెప్పి, రిజిస్టరు తిప్పి అతని ముందు పెట్టింది. వరసగా ప్రశ్నార్థకాలు. పక్కన అతని పేరు. అతను వేళ్ళ మీద లెక్కవేసి, తన అక్షరాలకు ఏం జరిగిందో తెలుసుకున్నాడు.

ఆ సాయంత్రం అతను ఇంట్లో జరిగిందంతా చెప్పాడు. అడగని ప్రశ్నలకు భయపడి ఇచ్చిన సెలవు తనదేనా అన్న అనుమానం పట్టుకుంది.

"అమ్మకు కన్ను కనిపిస్తోంది. ఇంక ఊరుకోండి," అంది భార్య.

"మనసులో ముల్లు ఉంచుకోకు బాబూ," అంది అత్తగారు. "ఉన్నది ఉన్నట్టు రాసెయ్యి. ఆపైన ఆ దేవుడే చూసుకుంటాడు."

మంగళవారం గుమాస్తా ఒక పూటంతా కూర్చుని ప్రోగ్రాముకు మూటకట్టడం నేర్పాడు. తనకు తానే రెండు మెయిళ్ళు పంపుకుని సరిచూసుకున్నాడు. తర్వాత పెద్దాఫీసుకు జరిగినదంతా పూసగుచ్చినట్టు రాశాడు. అవి ప్రశ్నలు కావనీ, రాలిపోయిన అక్షరాలనీ, తన సెలవు కావాలంటే రద్దు చేయవచ్చనీ చెప్పాడు. విషయం దగ్గర "ఆ ప్రశ్నలు నేను అడిగినవి కావు" అని పెట్టాడు.

విషయం ఒక్క కొమ్ము కూడా చెదరకుండా చేరింది. రిజిస్టరమ్మ సంతోషంగా దించుకుని వెళ్ళింది. పెద్దసారు ఆ వరుస చదివారు.

"ఈయన కాకపోతే మరి ఎవరు?"

"ఆ సంగతి విషయంలో రాయలేదండీ. తెరిచి చూడమంటారా?"

"విషయం తెలుస్తూనే ఉంది కదమ్మా. పద్ధతి తప్పొద్దు. ఫైల్లో పెట్టెయ్యండి."

మర్నాడు పొద్దున్న నౌకరు తలుపు తీసేసరికి, ఆఫీసు గుమ్మం దాకా ఆటో ట్రాలీ చక్రాల గుర్తులు, వరండాలో ఒక నిచ్చెన, రెండు టేబులు ఫ్యాన్లు, పోయిందని అంతవరకూ ఎవరికీ తెలియని ఒక ఇనప బీరువా ఉన్నాయి.