ఐరాలలో నలభై ఒకటో నిబంధన

అమ్మేవాడూ కొనేవాడూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం వల్లే పాత కార్ల వ్యాపారంలో మోసాలు జరుగుతున్నాయని 2007లో శకటమిత్ర డాట్ కామ్ అనే బెంగళూరు సంస్థ కనిపెట్టింది. కనిపెట్టి ఊరుకోలేదు. ఇద్దరి మధ్యా యాభై రెండు నిబంధనలు పెట్టింది.

ఐరాల మునివెంకటప్పకు ఈ సంగతి తెలియదు. ఆయనకు తెలిసిందల్లా కూతురు లోహితకు రక్తపోటు ఉందని, కాన్పు తిరుపతిలోని ఆసుపత్రిలోనే కావాలని, అందుకు ఇంకా ఏడు వారాలే గడువుందని. ఇంట్లో ఉన్న వాహనం సైకిలు.

చిత్తూరులో యోగానంద నడిపే ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లాడు. (రెండేళ్ల కిందటి వరకు అది టైపు ఇన్‌స్టిట్యూట్. యంత్రాలు మారాయి, స్టూళ్లు మారలేదు.) యోగానంద ఒక తెల్ల కారు చూపించాడు. కారు ముందుభాగం ఒక్కటే కనిపిస్తోంది. నంబరు ప్లేటు చెరిపేసి ఉంది. మిగతా ఫొటోలు చూడాలంటే నలభై ఒకటో నిబంధన ఎదురుగా ఉన్న గడిలో టిక్కు పెట్టాలి.

"ఏముండాది అందులో?"

"లావాదేవీ ముగిసేదాకా అవతలి పక్షంతో వాహనం గురించి మాట్లాడను, దాన్ని ముట్టను, ఎక్కను, వాస్తవం తప్ప రాయను అని సత్యప్రమాణం చేస్తున్నాను అని ఉండాదన్నా. అందురూ నొక్కేదే. నొక్కు."

అందరూ సగటున రెండు సెకన్లలో నొక్కుతారని సంస్థ లెక్క. మునివెంకటప్పకు నలభై నిమిషాలు పట్టింది. ఐరాల పక్కనే కాణిపాకం. ఆ చుట్టుపక్కల గట్టు తగాదా అయినా కోడి తగాదా అయినా చివరికి అక్కడి వినాయకుడి ముందు ప్రమాణం దాకా పోతుంది. ప్రమాణానికని బయలుదేరినవాళ్లలో సగంమంది దారిలోనే నిజం ఒప్పుకుని ఇంటికి తిరిగొస్తారు. ఆయన బయటికి పోయి కాళ్లూ చేతులూ కడుక్కుని, చెప్పులు గడప అవతల విడిచి వచ్చి నొక్కాడు.

రెండో ఫొటో తెరుచుకుంది. కారు పక్కన ఒక గేదె. గేదె వెనక ఒక గోడ.

"యోగానందా, ఆ ఎనుము మాది," అన్నాడు మునివెంకటప్ప. కాసేపు చూసి, "గోడ గూడా మాదే," అన్నాడు.

కారు పక్కింటి దొరస్వామిది. ఆయన నెల కిందట ఇదే స్టూలు మీద కూర్చుని, కొనేవాడికి మాత్రమే ఉన్న 'ముట్టను, ఎక్కను' తప్ప ఇదే ప్రమాణం చేసి వెళ్లాడు. అప్పటినుంచి ఆ మాట భార్య చంద్రకాంతమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆయనా ఐరాల మనిషే.

మునివెంకటప్ప ఆ కారునే బుక్ చేశాడు; కొనేదెవరో దొరస్వామికి యోగానంద చెప్పాడు. బుకింగ్ అయిన కారును సంస్థ డ్రైవరు తనిఖీకి బెంగళూరు తోలుకుపోయాడు. దరఖాస్తులో మీటరు 61,240 అని ఉంది. బెంగళూరు చేరేసరికి 61,430 అయింది. ముఖ్య నిజనిర్ధారణాధికారి 'వాస్తవ విరుద్ధం' అని ముద్ర వేసి కారును ఐరాలకు తిప్పి పంపాడు. వాకిట్లోకి వచ్చేసరికి 61,620. దొరస్వామి ఆ అంకెను దరఖాస్తులో దిద్దాడు. కారు మళ్లీ బెంగళూరు వెళ్లింది. అక్కడ మీటరు 61,810 చూపించింది.

"బెంగుళూరు సేరినాక ఎంతయితాదో అది ముందే రాసెయ్ పెదనాయనా," అని యోగానంద సలహా ఇచ్చాడు.

"లేని అంకె ఉండాదని రాసేదా? ప్రమాణం చేసి?" అన్నాడు దొరస్వామి.

సాయంత్రాలు ఇద్దరూ అరుగు మీద పక్కపక్కనే కూర్చుని, కారు గురించి మాట్లాడుకోకుండా ఉండేవారు.

"బెంగుళూరు దావలో వానలంట గదన్నా," అనేవాడు మునివెంకటప్ప.

"పోయినోళ్లు సెప్పినారప్పా. గుంతలంట."

"పోయినోళ్లు బాగుండారా?"

"బాగుండారు. ఊరికే తిరిగి తిరిగి అలిసిపోయినారు, అంతే."

ఇలా నాలుగు తనిఖీలు అయ్యాయి. ఐదో తనిఖీకి ముందురోజు మధ్యాహ్నం లోహితకు నొప్పులొచ్చాయి. మండలంలో ఉన్న ఒక్క అంబులెన్సూ వేరే మనిషిని తీసుకుని చిత్తూరు వెళ్లింది. తెల్ల కారు పక్కింటి వాకిట్లో ఉంది. మునివెంకటప్ప కారు వైపు చూశాడు. దొరస్వామి మునివెంకటప్ప వైపు చూశాడు. నిబంధన ప్రకారం ఇద్దరూ నోరు మెదపలేదు.

చంద్రకాంతమ్మ తాళాలు తెచ్చి మొగుడి ఒళ్లో పడేసింది. "ప్రమాణం జేసింది మీ ఇద్దురే గదా? నేను జెయ్యలా, జ్ఞానాంబ జెయ్యలా, కడుపులో ఉండే బిడ్డ అసలే జెయ్యలా. లెయ్, తోలు!"

దొరస్వామి తోలాడు. వెనక సీట్లో లోహిత, ఆమెకు అటూ ఇటూ తల్లి జ్ఞానాంబ, చంద్రకాంతమ్మ. ముందు సీటు ఖాళీ. 'ఎక్కను' అన్న మాట ఉంది కాబట్టి మునివెంకటప్ప బస్సులో వెళ్లాడు. పాకాలలో బస్సు టైరు మార్చారు. ఆయన ఆసుపత్రికి చేరేసరికి మనవరాలు పుట్టి రెండు గంటలయింది.

"పది నిమిషాలు ఆలిస్యమయ్యుంటే ఇద్దురూ దక్కేవోళ్లు గాదంట," అంది జ్ఞానాంబ. "నువ్వు యాడుంటివి?"

"బస్సులో," అన్నాడు.

బిడ్డ బరువు తక్కువ. వారానికి రెండుసార్లు తీసుకొచ్చి చూపించమని డాక్టరమ్మ చెప్పింది. బస్సులో వద్దంది.

ఐదో తనిఖీలో కొత్త సమస్య వచ్చింది. నూట తొంభై తేడాకు సంస్థ అలవాటు పడింది. దరఖాస్తులో అంకె కాన్పుకు ముందే దిద్దింది కాబట్టి, తిరుపతి రాకపోకలు కలిసి ఈసారి తేడా మూడువందల ఇరవై. మూడువందల లోపు తేడా అయితే తప్పు, దాటితే వినియోగం అని నిబంధన. వినియోగానికి ఉభయులూ కలిసి కారణం ప్రకటిస్తే చాలు, అమ్మకం పూర్తవుతుంది. కారణాలు మూడు: విహారయాత్ర, వ్యాపారం, దొంగతనం.

ఇద్దరూ యోగానంద సెంటర్‌కు వెళ్లారు. అక్కడి నుంచే మునివెంకటప్ప సంస్థకు ఫోను చేశాడు. తేడాల విభాగం ఉపాధికారిణి ఐశ్వర్య పలికింది.

"ఏమ్మా, ఇందులో కాన్పు అని లేదే?"

"లేదు సార్. ఆ మూడింట్లో ఏదో ఒకటి."

"ఇతరములు అని యాడైనా ఉంటాది గదమ్మా?"

"పోయిన నెలే తీసేశాం సార్. అందరూ అదే నొక్కుతున్నారు."

"మేం పోయింది ఆసుపత్రికి. మరి నిజం యాడ రాసేది?"

"దానికి గడి లేదు సార్. సాయంత్రం ఐదు దాకా టైముంది. దాటితే బండి వెయిటింగ్‌లో ఉన్న హోసూరు పార్టీకి వెళ్లిపోతుంది."

అప్పుడు నాలుగూ నలభై. మునివెంకటప్ప దొరస్వామి వైపు చూశాడు. కారు గురించి మాట్లాడకూడదు కాబట్టి దొరస్వామి తల మాత్రం ఊపాడు. నాలుగూ యాభై ఎనిమిదికి మునివెంకటప్ప 'విహారయాత్ర' నొక్కాడు.

మూడు సెకన్లలో జవాబు వచ్చింది: "వివరాలు సరిపోయాయి. మీ ఇద్దరినీ నమ్మదగిన వినియోగదారులుగా గుర్తించడమైనది."