వామన్‌రావు వెండి చెంచా

పొద్దున్నే మనవరాలికి విటమిన్ ఏ మందు తాగించి, ఆబిడ్స్‌కు పోయి గుండీల దుకాణం తెరవాలన్నది వామన్‌రావు ఆలోచన.

"మామయ్యా, పోయినసారి గూడ తప్పింది. గీ మందుకు ఇయ్యాలనే ఆఖరు," అంటూ కోడలు వైశాలి గన్‌ఫౌండ్రీలోని బ్యాంకుకు పరుగెత్తింది.

"నువ్వు ఫికర్ జెయ్యకు బిడ్డా!" అన్నాడాయన. మనవరాలి అన్నప్రాశన నాటి వెండి చెంచా జేబులో వేసుకొని, ఆ పిల్ల హైందవిని చంకనెత్తుకొని, నాంపల్లి అంగన్‌వాడీకి చేరాడు.

అక్కడ రెండేళ్ల హైందవి నోరు మూసింది చూడండి, గడ్డపార పెట్టినా తెరుచుకోదు! టీచర్ నర్మద నీరసించింది. "గల్లీ గల్లీ తిరిగి పిలిచిన సార్. పిల్లలు రారు, వచ్చినోళ్లు నోరు తెరవరు."

"గిట్ల తాగాలె, చూడు బంగారూ," అని వామన్‌రావు ఖాళీ వెండి చెంచాను చప్పరించి "ఆహా!" అన్నాడు. హైందవి నోరు తెరవలేదు గాని, తాత కళ్లద్దాలు లాగి బొమ్మల డబ్బాలో పడేసింది.

అప్పుడే పక్కింటి జనార్దన్ తొంగిచూశాడు. "ఏం మందమ్మా ఇది?"

"కండ్లకు మంచిది," అంది నర్మద.

అంతే! వామన్‌రావు చెంచా నాకాడు, చూపొచ్చి అద్దాలు తీసేశాడు! జనార్దన్ టీ కొట్టు చేరేలోపే ఈ కబురు ఖైరతాబాద్ దాటింది. గల్లీలోని ముసలివాళ్లంతా తలా ఒక వెండి చెంచాతో వచ్చిపడ్డారు.

"పెద్దోళ్లకు గాదు, ఐదేండ్లలోపు పిల్లలకే!" అని నర్మద మొత్తుకుంది.

"అయితే మా మనవణ్ణి తెస్తానమ్మా," అంది గుంపులోని జానకమ్మ. "వాడికి పోశాక చెంచాకంటింది నాకు చాలు."

ఇంకేముంది, అన్నాళ్లూ మంచాల కింద దాక్కున్న పిల్లలందరూ తాతల భుజాలెక్కి వచ్చారు. నర్మద పోస్తూనే ఉంది. సీసా అడుగంటుతోంది. హైందవి పెదవులు మాత్రం కుట్టేసినట్టే ఉన్నాయి.

వామన్‌రావుకు చెమటలు పట్టాయి. "మా బిడ్డకు జర ఉంచమ్మా! గా జనార్దన్‌ను నిలదీసి వస్త!" వీధిలోకి ఉరికి, "నాకు చూపు రాలే, గీపు రాలే! అద్దాలు పిల్ల గుంజిందిరా!" అంటూ కరెంటు స్తంభాన్ని పట్టుకొని ఊపేశాడు.

"నేనీడున్ననే అన్నా," అన్నాడు వెనకనుంచి జనార్దన్.

గల్లీ అంతా ఘొల్లుమంది. అందరికంటే గట్టిగా, ఉన్న పాలపళ్లన్నీ బయటపెట్టి నవ్వింది, గుమ్మంలో నర్మద పక్కన నిలబడ్డ హైందవి. ఆ నోరు మళ్లీ మూతపడేలోపు నర్మద సీసాలో మిగిలింది మెల్లగా పోసింది. పిల్ల చప్పరించి "ఇంకా" అంది.

ముసలివాళ్లు చెంచాలు దాచుకొని, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా కదిలారు. జానకమ్మ మాత్రం గుమ్మం దగ్గర ఆగింది.

"పోనీ, మోకాళ్లకేమైనా ఉందా అమ్మా?"