ఎనిమిది కోర్ల సర్ఫో

శనివారం పొద్దున సర్ఫో వేసుకున్న పథకం చాలా చిన్నది. మొక్కజొన్న గంజి తాగడం, కాలం చేసిన దువా పెద్దాయన జీవితచిత్రానికి కొత్త కంప్యూటర్‌లో ఆఖరి కూర్పు పూర్తి చేయించడం, ఆయన్ని పాతిపెట్టి వచ్చిన జనం పందిళ్ల కింద కూర్చునేలోపు తెర దగ్గరికి చేర్చడం. ఘనా దేశంలోని ఈ కుమాసీ ఊళ్లో శనివారమంటే చావుల రోజు, అంత్యక్రియలన్నీ ఆ రోజే. బంటామా పేటలో పోయినవాళ్ల బతుకును తెర మీద చూపించకపోతే ఆ ఇంటికి పిసినారి పేరు ఖాయం.

ఆ కంప్యూటర్ కొన్న నాటినుంచి సర్ఫో కాళ్లు నేలమీద నిలవడం లేదు. దుకాణం ముందు ‘ఎనిమిది కోర్ల స్టూడియో’ అని బోర్డు రాయించాడు. కోర్లంటే ఏమిటని అడిగినవాళ్లకి, తన దగ్గర ఎనిమిదిమంది పనివాళ్లున్నట్టు లెక్క అనీ, ఎదురుగా ఉన్న తవియా స్టూడియోలో ఇద్దరే అనీ చెప్పేవాడు. మాట వరసకి అన్న ఆ మాటను దువా తమ్ముడూ, ఆ కుటుంబ పెద్దా అయిన అంపాడు అనే ఆయన మాట వరసకి తీసుకోలేదు.

ఆయన పొద్దున్నే నల్లబట్ట భుజాన వేసుకుని దిగాడు. చేతిలో ఎనిమిది పొట్లాలు, అలసందల అన్నం. రాత్రంతా పనిచేసి ఉంటారని దువా భార్య సెర్వా పంపిందట. పనివాళ్లు ఏరని ఆయన లోపలికి తొంగిచూశాడు. లోపల సర్ఫో భార్య అబ్రాఫి ఒక్కతే చీపురు పట్టుకుని ఉంది. ఇప్పుడు నిజం చెబితే ఇన్నాళ్లూ కోసిన కోతలన్నీ తనే ఏరుకోవాలి. వాళ్లు పనిలో మునిగి ఉన్నారని చెప్పి, సర్ఫో సిగ్గుతో చచ్చిపోతూ పొట్లాలు అందుకున్నాడు.

అంపాడు అంతటితో పోలేదు. జేబులోంచి ఒక పెన్ డ్రైవ్ తీశాడు. "మా చెల్లెళ్లు పాత టేపులన్నీ ఇందులోకి ఎక్కించారయ్యా. అన్నయ్య కుర్రతనమంతా ఇందులోనే ఉంది. పదహారు చేతులున్నవాడివి, నీకిదో లెక్కా?"

కుదరదు అనాలని సర్ఫో నోరు తెరిచాడు. బయటికొచ్చింది మాత్రం, "అదెంత పని మావయ్యా."

పని మొదలెట్టాక తెలిసింది అదెంత పనో. పాత టేపుల బొమ్మల మీది మచ్చలు తుడవలేక కంప్యూటర్ నత్తలా పాకుతోంది. తెర మూలన ఎనిమిది కోర్లకి ఎనిమిది గీతలున్నాయి. ఒక్క గీత నెత్తిమీదికి ఎగబాకి రొప్పుతోంది, మిగతా ఏడూ నేలమీద పడుకున్నాయి. సర్ఫో వాడే కూర్పు సాఫ్ట్‌వేర్ పాతకాలంది. దానికి పని ఒక్కడికి చెప్పడమే వచ్చు, పంచడం రాదు. మందెక్కువైతే మజ్జిగ పలచన అంటారు గానీ, ఇక్కడ మంది ఎంతున్నా కవ్వం ఒక్కడి చేతిలోనే ఉంది. ఈ లెక్కన సినిమా ఆదివారం సాయంత్రానికి వస్తుంది.

"ఒకడు చస్తుంటే ఏడుగురు చూస్తున్నారు," అంది అబ్రాఫి. "అచ్చం మీ అన్నదమ్ముల్లాగే."

సర్ఫోకి చెమటలు పట్టాయి. ఈ రోజు తెర నల్లగా ఉంటే బంటామాలో ఇక ఏ శవమూ తన గడప తొక్కదు. పోయేది బేరమొక్కటే అయితే సర్దుకునేవాడు. సెర్వా ముందు ఏ ముఖం పెట్టుకుని నిలబడాలి? ఆ ఆలోచనకే అతని చెవులు కాలాయి.

అప్పుడు తట్టింది ఉపాయం. దువా జీవితాన్ని ఎనిమిది ముక్కలు చేశాడు. అదే సాఫ్ట్‌వేర్‌ను ఎనిమిదిసార్లు తెరిచి ముక్కకొకటి అప్పగించాడు. ఎనిమిది గీతలూ ఒక్కసారి లేచాయి, పెట్టె లోపలి ఫ్యాన్ బస్సులా అరిచింది. తయారైన ముక్కను తయారైనట్టు వెనకాల అతికించుకుంటూ పొమ్మని ఇంకో ఆదేశం ఇచ్చాడు. పని టంచనుగా ముగిసింది. చూసుకోవడానికి టైము లేదు, పరుగెత్తాడు.

పందిట్లో ముందు వరసలో అంపాడు ఎనిమిది కుర్చీలు పట్టి ఉంచాడు. ముసలి బంధువులు వాటి వెనక నిలబడే ఉన్నారు. మిగతావాళ్లేరని అడిగితే, వస్తున్నారని సర్ఫో గొణిగాడు. ఏడు ఖాళీ కుర్చీల మధ్య ఒక్కడే కూర్చున్నాడు. బొమ్మ మొదలైంది.

ముందు దువా కుర్రతనం రావాలి. ఆస్పత్రి మంచం వచ్చింది. ముక్కులో గొట్టంతో దువా. సర్ఫోకి ఒక్క క్షణంలో విషయం బోధపడింది. ఫోన్లో తీసిన కొత్త బొమ్మలకి శుభ్రం చేసే పని లేదు, అందుకని అవి ముందు తయారయ్యాయి. టేపు ఎంత పాతదైతే దుమ్ము వదలడానికి అంత సేపు పట్టింది. ఎవడు ముందు ముగిస్తే వాడిది ముందు అతుక్కుంది. పెద్దమనిషి బతుకును తోక నుంచి తలకి చూపిస్తున్నాడు తను, బంటామా మొత్తం చూస్తుండగా. లేచి ఆపితే తప్పు తనదేనని చాటినట్టే. పొద్దున పెద్దాయనతో పాటు తననీ శవపెట్టెలో పెట్టేసి ఉంటే బాగుండేదనిపించింది. తల వంచుకుని తన చెప్పులు చూస్తూ ఉండిపోయాడు.

కాసేపటికి ఎవరో చిన్నగా నవ్వారు. అతను తల ఎత్తాడు. తెర మీద దువా చేతికర్ర మాయమైంది. నడుము నిటారైంది. జుట్టు నల్లబడింది. పెళ్లిబట్టల్లో సెర్వా వచ్చింది. ఆఖర్న లారీల అడ్డాలో చొక్కా గుండీలు విప్పుకున్న పాతికేళ్ల దువా, డప్పుల మధ్య ఎగిరెగిరి ఆడుతున్నాడు. సెర్వా కుర్చీలోంచి లేచి, తెల్ల రుమాలు ఊపుతూ, తెర వైపు ఆడుతూ నడిచింది. పందిరంతా ఆమె వెనకాల లేచింది.

"మీ ఎనిమిదిమందిలో ఈ ఆలోచన ఎవరిదయ్యా?" అని అడుగుతూ అంపాడు కళ్లు తుడుచుకున్నాడు.

"ఎవరిదీ కాదు మావయ్యా. నా దగ్గర ఎనిమిదిమందీ లేరు, తెలివీ లేదు. పొరపాటున తలకిందులైంది," అన్నాడు సర్ఫో.

ఎంత వినయమో చూడండని అంపాడు పక్కవాళ్లకి చూపించాడు. సర్ఫో సిగ్గు రెట్టింపైంది. దాంతో సెర్వా దగ్గరికి వెళ్లి, సరిచేసి మళ్లీ వేయిస్తానని చేతులు పట్టుకున్నాడు.

"ఇన్నాళ్లూ ఆస్పత్రి ముఖమే కళ్లలో ఉండిపోయింది నాయనా," అంది ఆమె ఆయాసపడుతూ. "ఇప్పుడు పోయింది. సరిచేశావంటే ఊరుకోను."

ఆ తర్వాత బంటామాలో ప్రతి ఇల్లూ తలకిందుల బొమ్మే అడిగింది. వరస ప్రకారం చనిపోవడానికి ఒక్కరూ ఒప్పుకోలేదు.