నిలకడ గల నొప్పి

దీర్ఘకాలిక నొప్పిని కొలిచే ప్రశ్నావళి తమ మాతృభాష కెచువాలోకి వచ్చేసిందని పుకాకంచా కొండ ఊరి ప్రజలకు తెలియజేయడమైనది. నొప్పి అక్కడికి ఎప్పుడో వచ్చింది. కొలతే ఆలస్యమైంది.

ఫోర్తునాత నడుముకు సూది మందు వేయించుకుందామని ఆరోగ్య కేంద్రానికి వెళ్లి, కొలతకు దొరికిపోయింది. 'గోల్ఫ్ ఆడేటప్పుడు నొప్పి ఉందా' అన్న ప్రశ్నను రాజధాని లిమా పండితులు హోటల్లో కూర్చుని, నానా తర్జనభర్జనలు పడి, 'బంగాళాదుంపలు తవ్వేటప్పుడు' అని మార్చారు. ఆమె అన్నిటికీ ఓపికగా జవాబిచ్చింది.

"మరి సూది, డాక్టరయ్యా?"

"ఇప్పుడే వేస్తే ఎలాగమ్మా?" అన్నాడు డాక్టర్ బెర్నాలెస్, కాగితం మీంచి తల ఎత్తకుండానే. "రెండు వారాల తర్వాత మళ్లీ ఇవే అడుగుతాం. అవే జవాబులు రావాలి. అప్పుడే మా ప్రశ్నావళి నమ్మదగినదని తేలుతుంది. మధ్యలో నొప్పి తగ్గిందంటే మా శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే. సూది సంగతి ఆ తర్వాత చూద్దాం."

"పెరిగితే?"

"పెరగనివ్వకండి."

ఫోర్తునాత మాట తప్పే మనిషి కాదు. నొప్పికి మాత్రం ఆ సంస్కారం లేదు. గడువు నాటికి ఆమె గొర్రెతోలు పక్క మీంచి లేవలేకపోయింది.

అయితే ఆ ఊళ్లో ఐని అనే ఆచారం ఉంది. ఇవాళ నా చేలో నువ్వు, రేపు నీ చేలో నేను. రాలేనివాళ్లు మనిషిని పంపితే వచ్చినట్టే లెక్క. ఆమె బదులు వెళ్లడానికి ఆడపడుచు ఇలారియా టోపీ పెట్టుకుంది.

"నీ మూలుగు రోజూ వింటున్నదేగా వదినా, నేను చెప్పొస్తాలే. ఇవాళ ఎక్కువైందని చెప్పనా?"

"వద్దు, పెరగకూడదన్నాడు. మొదటిసారి నేను చెప్పిందే చెప్పు. సూది సంగతి మరిచిపోకు."

దుంపలు తవ్వే రోజులు కావడంతో సగం ఊరు ఇలాగే మనుషులను పంపింది. డాక్టరు ఎవరి ముఖమూ పోల్చుకోలేదు. మొదటిసారి చూస్తే కదా. జవాబులు అచ్చుగుద్దినట్టు కలిశాయి. సభ పెట్టారు.

"ఇంత నిలకడ గల నొప్పిని నేను ప్రపంచంలో ఎక్కడా చూడలేదు. ఈ ప్రజలకు జోహార్లు," అన్నాడు బెర్నాలెస్.

చప్పట్లు ఆగాక ఇలారియా సూది సంగతి అడిగింది.

"మా నిధులు కొలవడానికేనమ్మా," అన్నాడాయన ఎంతో మర్యాదగా, జీపు ఎక్కుతూ.

దారిలో ఎదురైనవాళ్లంతా ఆగి వదిన ఎలా ఉందని అడిగారు. "అలాగే ఉంది," అంది ఇలారియా. పోనీలే, పెరగలేదు కదా అని వాళ్లు తేలికపడి వెళ్లిపోయారు. మనమూ అంతే కదా, ఆ ముక్క వినడానికే పరామర్శకు వెళతాం.