బస్సింట్లో కరెంటు పొయ్యి

శుక్రవారం ఉదయం ఆరింటికి ఎర్రగుంట్ల వదలాలి, మధ్యాహ్నం దారిలో నీడ చూసుకుని వండుకు తినాలి, పొద్దు గూకేలోపు మంత్రాలయం చేరాలి. ఇదీ అయ్యన్న వేసుకున్న పథకం. ముప్పైరెండేళ్ళు సిమెంటు లారీ తోలినవాడికి ఇదొక ప్రయాణమే కాదు. కాకపోతే ఆ లారీ తోలినన్నాళ్ళూ పక్క సీట్లో భార్య లేదు. ఇప్పుడుంది. ఉంది కానీ నాలుగు రోజులుగా అతనితో మాట్లాడటం లేదు.

లారీ దిగిపోయాక అయ్యన్న ఒక బడివాళ్ళు అమ్మేసిన పాత మినీ బస్సు కొన్నాడు. సీట్లు పీకించి మంచం, నీళ్ళ తొట్టి, గ్యాసు పొయ్యి పెట్టించాడు. వీధిలో అందరూ దాన్ని 'బస్సిల్లు' అంటారు. ఇన్నేళ్ళూ తన కోసం వాకిట్లో ఎదురుచూసిన హంపమ్మను ఇక మీదట ఎక్కడికి పోయినా వెంట తీసుకుపోవాలని అతని ఆశ. ఏడాదిలో అహోబిలం, గండికోట, బెలుం గుహలు అన్నీ తిప్పాడు. ఎక్కడ ఆగితే అక్కడ హంపమ్మ పొయ్యి వెలిగించేది.

ఆ గ్యాసు పొయ్యినే అయ్యన్న పోయిన సోమవారం పీకించేశాడు. ఎలక్ట్రీషియన్ పీర్ బాషాను పిలిపించి, కప్పు మీద సోలార్ పలకలు, మంచం కింద బ్యాటరీలు, నల్లగా నిగనిగలాడే కరెంటు పొయ్యి పెట్టించాడు.

"ఇప్పుడంతా కరెంటు కాలం గదా," అన్నాడు భార్యతో.

"పాతికేండ్ల నుంచి గ్యాసు మీద వండుతాండా. నీకిప్పుడొచ్చిందా కరెంటు కాలం? నా చేతి మీద నమ్మకం పోయిందని చెప్పరాదా?" అని హంపమ్మ నోరు మూసుకుంది. అదే ఆఖరు మాట.

అసలు సంగతి గండికోటలో జరిగింది. అయ్యన్న బిందెతో నీళ్ళు తెచ్చి బస్సు తలుపు తీసేసరికి గ్యాసు వాసన గుప్పున కొట్టింది. పొయ్యి మీట తిప్పి ఉంది. పక్కనే హంపమ్మ చిక్కుళ్ళు ఒలుస్తూ, కూనిరాగం తీస్తూ కూర్చుంది. ఆమె ఒళ్ళో అగ్గిపెట్టె ఉంది. అయ్యన్న ఒక్క దూకు దూకి అగ్గిపెట్టె లాక్కుని బయటికి విసిరేశాడు.

"ఏమయ్యా, ఏమైంది?"

"తేలు," అన్నాడు మీట కట్టేస్తూ. "అగ్గిపెట్టె మీద తేలుండె."

ఆమెకు వాసన తెలియడం లేదని ఆ రోజు అర్థమైంది. పోయినేడు వచ్చిన విషజ్వరం తగ్గింది కానీ, పోతూ పోతూ వాసన పట్టుకుపోయింది. ఆమె ఎవరికీ చెప్పలేదు. తాలింపు మాడినా తెలియక వడ్డించేది. అయ్యన్న 'బాగుండాది' అంటూ తినేవాడు. వంట బాగుందంటే చాలు ముఖం వెలిగిపోయే మనిషిని "నీకు ముక్కు పనిచేయడం లేదు గదా" అని ఎట్లా అడగడం? అడగడం చేతగాక వంటిల్లు మార్చేశాడు.

"అన్నా, పొయ్యి పెడితే పొయ్యి ఒకటే పెట్టాల. మిక్సీ పెడితే మిక్సీ ఒకటే. అన్నీ ఒకేపారి పెడితే మోయలేదు. వదినకు చెప్పు," అని పీర్ బాషా మరీ మరీ చెప్పాడు. మాట్లాడని మనిషికి ఎట్లా చెప్పాలో మాత్రం చెప్పలేదు.

కోయిలకుంట్ల దాటి కొంత దూరం పోయాక ఒక చిన్న పల్లె పొలిమేరలో వేపచెట్టు కింద బస్సు ఆపారు. హంపమ్మ లేచి కరెంటు పొయ్యి వేసింది. రైస్ కుక్కర్ వేసింది. మిక్సీ వేసింది. పైన ఫ్యాను కూడా వేసింది. కరెంటు కరెంటు అన్నావుగా, చూసుకో అన్నట్టుంది ఆమె వాలకం. టప్ మని ఒక చప్పుడై అన్నీ ఒకేసారి ఆగిపోయాయి.

అయ్యన్న పీర్ బాషాకు ఫోన్ చేశాడు. స్విచాఫ్. శుక్రవారం, మధ్యాహ్నం నమాజు వేళ. ఇక చేసేది లేక వైరు చుట్ట భుజాన వేసుకుని, టెస్టర్ జేబులో పెట్టుకుని ఊళ్ళోకి నడిచాడు. ప్రయాణానికి ఎప్పుడూ వేసే పాత ఖాకీ చొక్కా ఒంటి మీదుంది. కరెంటు ఎక్కడ దొరుకుతుందా అని స్తంభాలకేసి తలెత్తి చూసుకుంటూ పోయాడు.

ఖాకీ చొక్కా, టెస్టర్, స్తంభాల మీద చూపు. ఇంతకన్నా ఏం కావాలి? అతను రెండో స్తంభం చేరేలోపే కరెంటోళ్ళు తనిఖీకి వచ్చారన్న కబురు ఊరు చివరి ఇంటికి చేరిపోయింది. ఇళ్ళ వెనక వెదురు కర్రలు లేచాయి. తీగల మీది కొక్కేలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. ఎక్కడో టీవీలో ఏడుస్తున్న కోడలు సగం ఏడుపులో ఆగిపోయింది. పిండిమర ఆగిపోయింది.

ఒక ఇంటి అరుగు మీద నడివయసు మనిషి నిలబడి ఉన్నాడు. పేరు దావీదురాజు, ఊళ్ళో పెద్దమనిషి. అయ్యన్న అతని దగ్గరికి పోయి మర్యాదగా అడిగాడు.

"ఏమప్పా, ఈ ఊర్లో కరెంటు యాడ తీసుకుంటాండారు?"

దావీదురాజు అరుగు దిగాడు. "మేము తీసుకోము సార్."

"ఎవురూ తీసుకోరా?"

"మాకెందుకు సార్ కరెంటు. పొద్దు గూకితే పండుకుంటాం."

అయ్యన్న చుట్టూ చూశాడు. ప్రతి మిద్దె మీదా టీవీ గొడుగు ఉంది. లోపల ఫ్యాన్లు ఇంకా చివరి చుట్లు తిరుగుతున్నాయి. పాపం, ఇక్కడా కరెంటు పోయిందనుకున్నాడు.

"ఎంతసేపయింది పోయి?"

"శానా ఏండ్లయింది సార్."

అయ్యన్నకు నిజంగా జాలేసింది. "మీటరు లేకున్నా పర్వాలేదప్పా. యాడన్నా వస్తాంటే చూపిచ్చండి, ఒక్క గంట చాలు," అన్నాడు. ఇది పట్టుకునే ఎత్తుగడ అని దావీదురాజుకు రూఢి అయింది. "ముందు మజ్జిగ తాగండి సార్," అని చెంబుడు మజ్జిగ తెచ్చి, వద్దంటున్నా వినకుండా బస్సు దాకా వెంట వచ్చాడు.

బస్సు దగ్గర ఆడవాళ్ళు మూగి ఉన్నారు. దావీదురాజు భార్య విశ్వాసమ్మ గంపెడు వంకాయలు మెట్టు మీద పెట్టి చేతులు జోడించింది. "మేడం, మా ఆయన పేరు మాత్రం రాయొద్దు మేడం."

"నేనేం రాస్తానమ్మా? నా పొయ్యే వెలగక నేను ఏడుస్తాండా," అంది హంపమ్మ.

విశ్వాసమ్మ లోపలికి తొంగి చూసింది. "అయితే ఇది కరెంటోళ్ళ మిషను బండి కాదా?"

"నా వంటిల్లు."

విశ్వాసమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఆడవాళ్ళంతా నవ్వారు. దావీదురాజు అయ్యన్న చేతిలోని మజ్జిగ చెంబు వెనక్కి తీసుకోవాలా వద్దా అని కాసేపు ఆలోచించి, తానూ నవ్వేశాడు.

"పొయ్యి లేకుంటే మా ఇల్లు లేదా అక్కా? రా, గ్యాసు మీద పది నిమిషాల్లో అయిపోతాది," అని విశ్వాసమ్మ హంపమ్మ చేయి పట్టుకుని తీసుకుపోయింది.

గ్యాసు అన్న మాట వినగానే అయ్యన్న వెనకే పరుగెత్తాడు. "కట్టెల పొయ్యి లేదా తల్లీ? గ్యాసు వద్దు."

"అన్నకు గ్యాసు పడదా అక్కా?"

"ఆయనకు నేను పడను," అంది హంపమ్మ. పొయ్యి వెలిగించి, మూకుడు పెట్టి వేరుశనగ బుడ్డలు పోసింది. ఆ బుడ్డలు నూరి చేసే పచ్చడి, ఊరిమిండి, లేకుండా అయ్యన్నకు ముద్ద దిగదు, కోపంలోనూ అది మరవలేదు. వేయిస్తూ వేయిస్తూ గుమ్మంలో నిలబడ్డ మొగుణ్ణి కోపంగా చూసింది. అట్లా చూస్తూనే ఉండిపోయింది.

"అక్కా! బుడ్డలు మాడిపోతాండాయి! వాసన రాలేదా నీకు?"

హంపమ్మ గరిటె ఆగిపోయింది.

"అట్లే ఉండాల," అన్నాడు అయ్యన్న గబగబా. "నాకట్ల మాడిందే ఇష్టం. నేనే చెప్పినా."

"బొగ్గులాగుండాయి గదన్నా, ఎట్ల తింటావు?"

హంపమ్మ మూకుడులోకి చూసింది. మొగుడి ముఖంలోకి చూసింది. ఏడాదిగా ప్రతి ముద్దకూ 'బాగుండాది' అన్న ముఖం అది.

"ఇన్ని దినాలూ మాడిందే తింటివా?"

అయ్యన్న తల దించుకున్నాడు. "గండికోటలో తేలు లేదు హంపీ. గ్యాసు వస్తాండె. నీకు తెలీలేదు."

"అందుకా పొయ్యి పీకిస్తివి?"

"ఇంకెట్ల చెప్పేది నీకు?"

ఆమె కళ్ళు నిండాయి. "ముక్కు పోయిందంటే నువ్వు బండి అమ్మేస్తావనుకొంటి. మళ్ళా నన్ను ఇంట్లోనే కూర్చోబెడతావని చెప్పలే."

"బండిని అమ్ముకుంటానా? నువ్వు పక్కన కూర్చోకపోతే నాకీ బండెందుకు?"

విశ్వాసమ్మ చప్పుడు చేయకుండా పొయ్యి ఆపింది. మాడినవి పారబోసి, మూకుడు తుడిచి, డబ్బాలోంచి ఇంకో గుప్పెడు బుడ్డలు పోసింది. "మళ్ళా వేయించక్కా. మాడే ముందు నేను చెప్తా."

"నేను చెప్తాలేమ్మా," అని అయ్యన్న వచ్చి హంపమ్మ పక్కన నిలబడ్డాడు. ముక్కు పొయ్యి మీదికి చాచి, లారీ రివర్స్ చేయిస్తున్నవాడిలా, "ఇంకొంచెం... ఇంకొంచెం... చాలు!" అన్నాడు. ఆ రోజు ఊరిమిండి ఎట్లుందని ఎవరూ అడగలేదు. గిన్నె ఖాళీ అయింది.

తిని చేతులు కడుక్కుంటుండగా పీర్ బాషా ఫోన్ చేశాడు.

"నమాజులో ఉంటినన్నా. ఆగిపోయిందా? మంచం కింద ఎర్ర మీట ఉండాది, పైకి నెట్టు."

అయ్యన్న పోయి నెట్టాడు. అన్నీ వెలిగాయి.

"ఇంతేనా?"

"ఇంతే అన్నా. ఇంగేముంటాది?"

ఊళ్ళో కరెంటు తీయించిన మనిషి ఎర్ర మీట సంగతి ఎవరికీ చెప్పకుండా బండి తీశాడు. బస్సిల్లు చూడ్డంలో పడి ఊళ్ళో ఎవరూ ఇంకా తీగల జోలికి పోలేదు; దావీదురాజే ముందుగా కొక్కెం తగిలించుకుందామని వెదురు కర్ర అందుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఎదురుగా దుమ్ము రేపుకుంటూ నిజం కరెంటోళ్ళ జీపు వచ్చింది. కర్ర చేతిలో ఉన్నందుకు దావీదురాజు గబగబా ఇంటి ముందరి వేపకొమ్మల్లోని కాకిని అదిలించాడు. జీపు దిగినవాళ్ళు ఊరంతా తిరిగారు. ఒక్క కొక్కెం కనబడలేదు. ఒక్క మీటరు తిరగడం లేదు. నోరు తెరుచుకుని చూసి, ఏదో రాసుకుని పోయారు.

మంత్రాలయంలో తుంగభద్ర ఒడ్డున బస్సిల్లు నాలుగు రోజులుంది. హంపమ్మ వండింది, అయ్యన్న పక్కన నిలబడ్డాడు. నాలుగు రోజుల మౌనానికి ఆమె వడ్డీతో సహా మాట్లాడింది. అయిదో రోజు దావీదురాజు ఫోన్ చేశాడు.

ఆ ఊరివాళ్ళు మూడేళ్ళుగా పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కావాలని అర్జీలు పెడుతున్నారట. కరెంటే వాడని ఊరికి ఉన్నదే ఎక్కువని జవాబు వచ్చిందట.