సీలు తీసిన రోడ్డు

ద్వారకానాథ్ దారి తప్పాడని ఎవరూ అనడానికి వీల్లేదు. దారే అప్పుడప్పుడు అతన్ని తప్పించుకుని పోతుంటుంది. ఆ శనివారం తెల్లవారుజామున పెర్త్ శివారు కానింగ్ వేల్‌లో కారు స్టార్ట్ చేస్తున్నప్పుడు కూడా అతని ధీమా ఏమీ తగ్గలేదు. కాల్గూర్లీలో చెల్లెలు తన్మయి కొడుక్కి అన్నప్రాశన. ముహూర్తం పదకొండున్నరకి. తొలి ముద్ద మేనమామ చేత్తో పడాలి. ఆ మేనమామ ఇతనే. హైవే పట్టుకుని తిన్నగా పోతే గంట ముందే అక్కడ కాళ్లు కడుక్కోవచ్చు.

ఈసారి ఆలస్యమైతే మాత్రం చెల్లెలికి మొహం చూపించలేడు. తన్మయి పెళ్లికి అమలాపురం అడ్డదారిన వస్తానని బయల్దేరి, గోదావరి రేవులో అవతలికి దాటించే పంటు కోసం పడిగాపులు పడి, జీలకర్రా బెల్లమూ అయిపోయాక దిగాడు. “పెళ్లికూతురి అన్నగారికి కంప్యూటర్ల తేదీలు తెలుసట గానీ మనుషుల వేళలు తెలీవు” అని తన్మయి అత్తగారు శ్యామసుందరమ్మ పందిట్లో అందరూ వినేలా అంది. తేదీలు దిద్దడమే అతని ఉద్యోగం మరి. రెండువేల సంవత్సరం వచ్చిపడేసరికి కంప్యూటర్లు కంగారుపడకుండా చూడటానికే పెర్త్‌లో ఒక కంపెనీ అతన్ని రప్పించుకుంది.

ఆ శ్యామసుందరమ్మే ఇప్పుడు మనవణ్ణి చూడటానికి కాల్గూర్లీ వచ్చింది. వస్తూ వస్తూ అమలాపురం పంతులుగారి చేత ముహూర్తం కూడా పెట్టించుకొచ్చింది.

“అన్నయ్యా, ఈసారైనా టైమ్‌కి రారా బాబూ! మా అత్తగారి దగ్గర నా పరువు నీ చేతిలో ఉంది” అని తన్మయి ముందురోజు ఫోన్‌లో బతిమాలింది. “అసలే ఆవిడ అర్ధరాత్రి దాటినా ‘ఇంకా పదే కదే’ అంటూ పడుకోరు, నన్ను పడుకోనివ్వరు.”

“నేను వస్తున్నానంటే వచ్చేసినట్టేనే!” అన్నాడు ద్వారకానాథ్.

దారిలో సదరన్ క్రాస్ అనే ఊళ్లో పెట్రోలు పోయించుకున్నాక, రోడ్డు పక్క బోర్డు ఒకటి అతని కంటపడింది.

“లీలా, చూశావా? సీనిక్ డ్రైవట! ఈ రోజుల్లో అడవిపూలు విరగబూస్తాయని ఆఫీసులో చెప్పారు. రైలంత పొడుగు ఈ రోడ్ ట్రెయిన్ లారీల వెనకాల పొగ మింగుతూ పోవడమెందుకు? అలా వెళ్లి మళ్లీ హైవే ఎక్కేద్దాం.”

పక్క సీట్లో భార్య లీల ఒళ్లో వెండిగిన్నె పెట్టుకుని కూర్చుంది. “మనం వెళ్తోంది పూలు చూడటానికా అండీ, పిల్లాడికి అన్నం పెట్టడానికా?”

“బోలెడు టైముంది!”

మలుపు తిరగ్గానే పసుపుపచ్చ బోర్డు ఒకటి ఎదురైంది. అన్‌సీల్డ్ రోడ్ అని ఉంది.

“అంటే ఏంటండీ?”

“సీలు తీసేశారని. మునిసిపాలిటీ వాళ్లు కొట్టుకి సీలు వేస్తే మూసేసినట్టు, తీస్తే తెరిచినట్టు కాదూ? ఇదివరకు మూసేసిన రోడ్డన్నమాట. ఇప్పుడు తెరిచి, పద్ధతిగా బోర్డు కూడా పెట్టారు. అదీ ఈ దేశం గొప్ప!”

తారు వేయని మట్టిరోడ్డుని ఆ దేశంలో అలా అంటారని అతనికి చెప్పేవాళ్లు లేరు. ఉన్నా వినేవాడు కాదు.

“మరి తారేదండీ?” అంది లీల కాసేపటికి.

“ఇప్పుడేగా తెరిచారు, వేస్తారు.”

పూల వాసన రావాలని అద్దాలు దించాడు. వాసన సంగతి ఎలా ఉన్నా ఎర్రటి దుమ్ము కారంపొడి మిల్లులోలా లోపలికి దూరింది. లీల కట్టుకున్న గంధం రంగు పట్టుచీర ఇటుక రంగుకి తిరిగింది. వెనక హుక్కుకి తగిలించిన అతని తెల్ల పంచె సన్యాసి పంచె అయిపోయింది. ఇంకాస్త దూరం పోయాక దారి రెండుగా చీలింది. ద్వారకానాథ్ క్షణం ఆలోచించకుండా ఒకటి ఎంచుకున్నాడు. అది నేరుగా ఇసుకలోకి తీసుకెళ్లింది. చక్రాలు సగానికి పైగా కూరుకుపోయాయి. సెల్‌ఫోన్‌కి సిగ్నల్ లేదు. అటూ ఇటూ పూలు మాత్రం నిజంగానే విరగబూసి ఉన్నాయి.

చాలాసేపటికి ఒక పాత ట్రక్కు వచ్చింది. వెనకాల మేకలు అరుస్తున్నాయి. దిగినాయన డెస్మండ్ అనే రైతు. ఎక్కడికని అడిగాడు. ద్వారకానాథ్ తన ఇంగ్లీషునంతా కూడగట్టుకుని చెప్పాడు.

“కాల్గూర్లీకి. చాలా అర్జెంటు. అక్కడ మా కిడ్ నాకోసం చూస్తోంది. నేను వెళ్లి ఫీడ్ చెయ్యాలి. ఇన్నాళ్లూ పాలే. ఇవాళ మొదటిసారి అన్నం.”

కిడ్ అంటే పిల్లాడనీ అనొచ్చు, మేకపిల్లనీ అనొచ్చు. పొద్దస్తమానం మేకల మధ్య బతికే డెస్మండ్‌కి రెండోదే తోచింది.

“వయసెంత?” అన్నాడు నొసలు ముడిచి.

“ఆరు నెలలు.”

“ఆరు నెలలకీ పాలేనా! గడ్డి ముట్టదా?”

“గడ్డేంటి? బియ్యం, బెల్లం, నెయ్యి.”

“అన్నం పెడితే కడుపుబ్బి చస్తుందయ్యా!”

ద్వారకానాథ్‌కి రోషం వచ్చింది. “మా వంశంలో అందరికీ అదే పెట్టాం. ఒక్కరూ చావలేదు!”

“ఏమండీ, ఆయన మేకపిల్ల అనుకుంటున్నారండీ...” అంది లీల.

“నువ్వుండు లీలా, నేను మాట్లాడుతున్నానుగా!”

డెస్మండ్ మనసు కరిగింది. తాడు కట్టి కారు బయటికి లాగాడు. లాగి ఊరుకున్నాడా? ఆ మూగజీవికి అన్యాయం కానివ్వనని, వద్దన్నా వినకుండా తన ఇంటిదాకా వెంట తీసుకెళ్లి, ఒక చిన్న దాణా బస్తా, ఎర్రటి రబ్బరు పీక ఉన్న పాలసీసా కార్లో పడేశాడు. తిరిగి హైవే ఎక్కేసరికి పదకొండున్నర దాటిపోయింది.

అప్పుడు గానీ ద్వారకానాథ్ ధీమా సడలలేదు. “లీలా, ఇంక తన్మయి నన్ను క్షమించదే” అన్నాడు. లీల తిట్టడానికే నోరు తెరిచింది. ఎర్రటి బుగ్గల మీద రెండు తడిచారలు చూసి జాలేసింది. “ముందు నడపండి” అంది.

కాల్గూర్లీలో కారు ఆగేసరికి రెండు కావస్తోంది. తన్మయి భర్త చలపతి గేటు దగ్గరే పట్టుకున్నాడు.

“ఏంటి బావా ఇది? ముహూర్తం దాటి రెండు గంటలు పైనే అయింది! పోనీ మేమే పెట్టేద్దామంటే మా అమ్మ పీటల మీద కూర్చోనిస్తేనా?”

తన్మయి కళ్లు ఏడ్చి ఏడ్చి వాచిపోయాయి. పిల్లాడు ఎర్రటి మేనమామని చూసి కెవ్వుమన్నాడు. ద్వారకానాథ్ తల దించుకుని సోఫాలోని శ్యామసుందరమ్మ ముందు నిలబడ్డాడు.

“అత్తయ్యగారూ, ఈసారి కూడా నాదే తప్పు...”

“తప్పేంటి బాబూ? ముందే వచ్చావుగా!” అందావిడ చేతి వాచీ చూసుకుంటూ. “పదకొండుంబావే అయింది. వెళ్లి స్నానం చేసి రా.”

అందరూ గోడ గడియారం వైపు చూశారు. తన్మయికే ముందు వెలిగింది. “అత్తయ్యా! వాచీ ఇంకా ఇండియా టైమ్‌లోనే ఉంచారా?”

“మార్చడమెందుకే? వెళ్లాక మళ్లీ తిప్పుకోవాలిగా! అమలాపురంలో కూర్చుని పంతులుగారు పెట్టింది అమలాపురం వేళ. మీ కంగారూల టైమ్‌కి పెడతారా? ఇంకా వేళ కాలేదర్రా అని పొద్దుటినుంచీ మొత్తుకుంటున్నా, వింటేనా!”

ద్వారకానాథ్ ఊపిరి పీల్చుకున్నాడు. తల తనంతట తానే పైకి లేచింది. “ఆ లెక్క చూసుకునే కదా బావా, నేను తీరిగ్గా సీనిక్ డ్రైవ్ పట్టింది! తేదీలూ వేళలూ మనకి కొత్తా?” లీల చీర కొంగు ఒక్కసారి దులిపింది. చలపతికి తుమ్ములొచ్చాయి.

వెండిగిన్నెలో పాయసం మేనమామ చేత్తోనే పిల్లాడి నోట్లో పడింది. వాడు చప్పరించి ఇంకా కావాలన్నట్టు నోరు తెరిచాడు. తన్మయి మళ్లీ ఏడ్చింది, ఈసారి సంతోషంతో. తర్వాత వాడి ముందు పుస్తకం, కలం, బంగారు గాజు పెట్టారు. వాడు మూడింటినీ తోసుకుంటూ పాకి, కార్లోంచి సామానుతో పాటు దిగి పక్కనున్న మేకల సీసా పీక గుప్పిట పట్టాడు.

“ఇదెక్కడిదర్రా?” అంది శ్యామసుందరమ్మ.

“మేనమామ కానుకండీ” అంది లీల.

మర్నాడు తిరుగు ప్రయాణానికి లీల డ్రైవింగ్ సీట్లో కూర్చుంది. భర్త అడ్డదారులు వెతికే రోడ్డు మ్యాపుల పుస్తకానికి అడ్డంగా, నిలువుగా పార్సిల్ టేపు చుట్టి వెనక సీట్లోకి విసిరింది.

“అదేంటి లీలా?”

“సీలు వేశానండీ.”

దాని సీలు ఇంతవరకూ ఎవరూ తీయలేదు.