గురుగ్రహం నక్షత్రమేనా?

మా యూదుల గ్రంథం తోరాకీ ఖగోళశాస్త్రానికీ మధ్య తగవు ఎప్పటికీ తీరకూడదు. అది మా యెరూషలేం మగవాళ్లకి దేవుడిచ్చిన వరం!

సృష్టి ఆరు రోజుల్లో అయిపోయిందంటుంది గ్రంథం. పద్నాలుగు వందల కోట్ల ఏళ్లంటుంది టెలిస్కోపు. ఈ రెంటికీ రాజీ కుదిర్చే పనే లేకపోతే, శనివారం భోజనాలయ్యాక మేమేం చెయ్యాలి? బల్ల మీది ప్లేట్లు తియ్యాలా?

మా బావమరిది గెర్షోన్ ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాడు. సబ్బాతునాడు, అంటే మా విశ్రాంతి దినాన, పెన్ను పట్టకూడదు కనుక, దేవుడి రోజు ఒక్కోదానికీ ఎన్ని కోట్ల ఏళ్లో వేళ్ల మీదే పంచేస్తాడు. నాకా సిద్ధాంతం ప్రాణం. కుళాయి రేపు బాగుచేస్తానని మా ఆవిడ త్సిపోరాకి మాటిచ్చి ఏడాదైంది. దేవుడి లెక్కన నాకింకా బోలెడు టైముంది.

పోయిన శుక్రవారం సాయంత్రం, సబ్బాతు మొదలవబోతుండగా, మా అమ్మాయి యిస్కా తొలికాన్పుకి హైఫా ఆస్పత్రిలో చేరింది. కబురు తెలియాలంటే ఫోన్ ముట్టుకోవాలి. సబ్బాతు ముగిసేదాకా ముట్టుకోకూడదు. ఆకాశంలో మూడు నక్షత్రాలు కనబడితే ముగిసినట్టు. శనివారమంతా త్సిపోరా ఒక్క ముద్ద తినలేదు. నేనూ గుమ్మం దాకా పదిసార్లు వెళ్లొచ్చాను.

చీకటి పడుతుంటే ప్రార్థనామందిరం మెట్ల మీద లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు.

"ఆగు బావా," అన్నాడు గెర్షోన్. "ఆ పెద్దది గురుగ్రహం. నక్షత్రాల్లోకి రాదు."

"పెద్దలు మనల్ని టెలిస్కోపుతో చూడమన్నారటయ్యా? కంటికి చుక్కలా కనబడితే చుక్కే," అన్నారు మా మందిరం గురువు, రబ్బీ జెవులూన్‌గారు.

"అసలైన నక్షత్రం సూర్యుడు కదండీ. మరి పొద్దున్నే ఒకటి లెక్కేసేసుకుందామా?" అన్నాడు గెర్షోన్.

"నీలాంటివాళ్లు నలుగురుంటే సబ్బాతు మంగళవారానికి గానీ అవదు."

శాస్త్రం ముందు మనం తీసిపోతామా? నేనూ అందుకున్నాను. ఆ వెలుగు బయల్దేరి వందల ఏళ్లయింది, ఇప్పుడా నక్షత్రం ఉందో లేదో తేలకుండా ఎలా లెక్కపెడతామన్నాను. మెట్ల మీద చేరినవాళ్లందరూ భుజం తట్టారు. చర్చ ఊపందుకుంది.

అంతలో త్సిపోరా వచ్చింది, చేతిలో ఫోనుతో.

"ఆడపిల్లయ్యా. తల్లీ బిడ్డా బాగున్నారు."

"అప్పుడే ఫోన్ చేశావా? ఇక్కడ మూడోది ఇంకా తేలందే?"

"కిటికీలోంచి చూశాను. మూడు కాదు, ముప్పై ఉన్నాయి. సబ్బాతుని సాగనంపే మాట ఒక్కటి అనుకుని చేశాను. చేసి ముప్పావు గంటైంది. ఈలోగా వీధంతా చెప్పేశాను. నువ్వొస్తావేమోనని చూసి చూసి వచ్చాను."

అప్పుడు తలెత్తాం. ఆకాశం నిండా చుక్కలే.

గ్రంథం పైకి చూడమంది. శాస్త్రమూ అదే అంది. మేము మాత్రం ఒకరి గడ్డం ఒకరం చూసుకుంటూ నిలబడ్డాం. మనవరాలు పుట్టిందని వీధిలో అందరికన్నా ఆఖర్న తెలిసింది తాతకే.